పొద్దుగాల్నే పోయిన పెద్దనాయిన

ఆ రోజుల్లో అని నాలాంటి ముసలోడు నోరు తెరవగానే ఇక ఎడ్లబండ్లూ కందిళ్ళూ వస్తాయని మీరు కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. నేను చెప్పబోయే ఆ రోజులు అంత పాతవి కావు. అవి నా ఫోను బాల్యం. జుట్టంతా నెరిసి, మోకాళ్ళు పట్టేసిన తరువాత, వేలితో రుద్దితే కదిలే ఫోను చేతికొచ్చిన మొదటి సంవత్సరం. మనిషి ఏ వయసులో కొత్త పని పట్టుకున్నా ఆ పనిలో మాత్రం పసివాడే. పసివాడికి ఏది కాలుతుందో తెలియదు, నాకు ఏ బొమ్మ నొక్కితే ఏమవుతుందో తెలియదు. మా మేస్త్రీల గ్రూపులో ఒకాయన తల్లి పెద్దకర్మ దినం కబురు పెడితే, కన్నీళ్ళు కారుతున్న మొహం బొమ్మ ఒకటి కనిపించి పంపాను. (కన్నీళ్ళు చూశాను గానీ ఆ మొహం పడీపడీ నవ్వుతోందని చూసుకోలేదు. ఆ మేస్త్రీ చాలాకాలం నా సలామ్ తీసుకోలేదు.)

నాది తాపీ పని, నార్సింగి మా సొంతూరు. మాదాపూర్ అద్దాల మేడలు చూసి మీరంతా తల పైకెత్తుతారు, నేను కిందికి చూస్తాను. ఏ మేడ కింద ఎంత రాతిగుండు ఉండేదో, దాన్ని పగలగొట్టడానికి ఎవరెవరు చేతులు కాయలు కాయించుకున్నారో నాకు ఇంకా జ్ఞాపకమే. బడి మొహం చూడలేదు. సిమెంటు సంచుల మీది పేర్లు, గోడల మీది ఎన్నికల రాతలు, మిరపకాయ బజ్జీలు చుట్టిచ్చిన పేపరు ముక్కలు, ఇవే నా చదువు. అందుకే అక్షరం మీద నాకు పట్టింపు జాస్తి. బడిలో ఊరికే దొరికినవాళ్ళకు ఒక ఒత్తు ఎగిరిపోయినా ఫికర్ ఉండదు. నేను ఒక్కో ఒత్తూ చెమటోడ్చి సంపాదించుకున్నాను. ఎక్కడన్నా తప్పు రాత కనపడితే వంకర గోడను చూసినట్టు ఒళ్ళు మండుతుంది, కూలగొట్టి మళ్ళీ కట్టమంటాను.

ఫోను కొనిచ్చింది మా బుజ్జి. బుజ్జి అంటే నా తమ్ముడి బిడ్డ. దాని బడి రోజుల్లోనే తమ్ముడు కన్ను మూస్తే, ఆ పిల్లకూ దాని అన్న చిన్నోడికీ పెద్దదిక్కు నేనే అయ్యాను. వాళ్ళమ్మతో కలిసి బోరబండలో కిరాయికి ఉంటారు. చిన్నోడు గచ్చిబౌలి ఆఫీసులకు కారు నడుపుతాడు, బుజ్జి అలాంటి ఆఫీసులోనే కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. ఫోను చేతిలో పెట్టిన రోజే నాకు పాఠం చెప్పింది. "పెద్దనాయినా, ఎరుకలేని నంబర్ నుంచి ఎవడన్న ఫోన్ జేస్తే నీ పేరు గూడ చెప్పొద్దు. మీ చుట్టాన్ని అంటడు, బ్యాంకోన్ని అంటడు, పోలీసోన్ని అంటడు. ఎన్ని తీపి మాటలు చెప్పినా నువ్వు కరగొద్దు." నేను కరిగే రకం కాదని దానికీ తెలుసు. అయినా ఆ పాఠాన్ని మంత్రంలా పట్టుకున్నాను. నేను కూడా ఊరుకోక చిన్నోడికి ఒక పాఠం చెప్పాను. "బండి నడుపుతూ ఫోన్ల వేళ్ళు పెట్టినవో, నీ వేళ్ళిరగ్గొడత." వాడూ విన్నాడు. ఇక చూడండి, మా ఇంట్లో అందరం ఇంత బుద్ధిగా ఉన్నందుకు ఏం జరిగిందో.

బుజ్జి తన ఆఫీసులోనే ఒక పిల్లవాణ్ణి ఇష్టపడింది. గోదావరి వైపు వాళ్ళు, ఇప్పుడు మియాపూర్‌లో సొంత ఫ్లాటు. పిల్లవాడి తండ్రి మెత్తటి మనిషి. తల్లి మాత్రం ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. యాస వేరు, తిండి వేరు, తండ్రి లేని పిల్ల. పిల్లవాడి మేనమామ అయితే చివరిదాకా ఒప్పుకోనే లేదు. ఎక్కడ చిన్న వంక దొరుకుతుందా, ఈ సంబంధం ఎలా తప్పిద్దామా అని కాచుకుని ఉన్నాడు. అలాంటి పరిస్థితిలో ఒక ఆదివారం పొద్దున నిశ్చితార్థం పెట్టుకున్నాం. నార్సింగిలో ఫంక్షన్ హాలు. తండ్రి స్థానంలో కూర్చుని తాంబూలాలు మార్చుకోవలసింది నేను. రెండు వైపుల వాళ్ళకూ కలిపి ఒక గ్రూపు కూడా పెట్టారు. అందులో రోజూ పొద్దున్నే పూలగుత్తులే పూలగుత్తులు.

అనుకున్నది ఏమిటంటే, చిన్నోడు కారులో మా ఇంటికొచ్చి నన్ను ఎక్కించుకుని, మగపెళ్ళివారి బస్సు నా కోసం ఆగే గచ్చిబౌలికి చేరి, నేను ఎదురువెళ్ళి పిలిచాక వాళ్ళకు దారి చూపిస్తూ హాలుకు తీసుకురావాలి. నాకు కాలు నిలిస్తేనా? స్టేజీ ఎలా కట్టారో చూద్దామని ఆటో ఎక్కి ముందే హాలుకు చేరాను. చేరడమే మంచిదయింది. పూల కమాను ఒకవైపు కుంగి ఉంది. ఆ డెకరేషన్ వాడితో నేను వాదించుకుంటూ ఉండగా అక్కడ చిన్నోడు మా ఇంటి ముందు కారాపి, మా కింది గదిలో కిరాయికి ఉండే ఆమెను అడిగాడు. ఆమె "ముసలాయన పొద్దుగాల్నే పోయిండు గద!" అంది. ఎదురువెళ్ళే పెద్దమనిషినే లేను, దారి ఎలాగూ ఫోనే చూపిస్తుంది కాబట్టి బస్సు గచ్చిబౌలిలో ఆగే పని లేదనుకున్నాడు, మిఠాయిలు తేవడానికి వేరే దారి పట్టాడు. బండి నడుపుతూ వేళ్ళు పెట్టొద్దన్నాను కదా, పెట్టలేదు. నోటితో చెబితే ఫోనే రాసుకుంటుందట, అలా చెప్పాడు. గ్రూపులో పడింది ఇదీ:

"పెద్దనాయిన పొద్దుగాల్నే పోయిండు. ఇగ ఆయన కోసం ఆగే పని లేదు. మీరు జల్ది రండ్రి."

పంపి, బుద్ధిమంతుడు కదా, ఫోను మూసి పక్కన పెట్టేశాడు.

ఇప్పుడు మీరే చెప్పండి, ఇందులో తప్పేముంది? మేం ఆఫీసుకు పోతాం, అంగడికి పోతాం, దవాఖానకు పోతాం. (ఇది అచ్చులో పడుతుంది కాబట్టి నేను కూడా మర్యాదకు చేరాను, వెళ్ళాను అని రాస్తున్నాను గానీ నోటికైతే పోయిన అనే వస్తుంది.) మనిషి చచ్చినా పోయిండు అనే అంటాం, కానీ అప్పుడు గొంతు వేరుగా ఉంటుంది. ఆ ముక్క ఎవరూ చెప్పక్కర్లేదు, విన్నవాడికి తెలిసిపోతుంది. ఫోను మాటనయితే రాసింది గానీ గొంతును రాయలేదు. గోదావరి వాళ్ళకేమో ఊళ్ళకు, ఆఫీసులకు వెళ్ళడమే, పోవడం అంటే ఒక్కటే పోవడం. బస్సులో ఆ కబురు చదివిన వాళ్ళకు నేను తెల్లవారకుండానే పోయాను, నా కోసం ఆగే పని కూడా లేదు, శవాన్ని లేపేలోపు జల్దీ రమ్మంటున్నారు.

పెళ్ళికొడుకు పిన్ని మొదట దండం బొమ్మ పెట్టింది. దాని కింద వరసగా దండాలు. మియాపూర్ వాళ్ళు దండాలు పెడుతుంటే పాలమూరు దిక్కున్న మా చుట్టాలు చూసి, వియ్యాలవారికే తెలిసింది, మనకు తెలియలేదని సిగ్గుపడి రెట్టింపు దండాలు పెట్టారు. ఎవరో అంతలోనే నా ఫోటోకు దండ వేసి, రెండు దీపాలు పెట్టి, మబ్బుల్లో నిలబెట్టి పంపారు. అది మా మేస్త్రీల గ్రూపుకు, అక్కణ్ణుంచి ఇంకెన్ని చోట్లకో. ఇంతమందిలో నాకు గానీ మా వాళ్ళకు గానీ ఫోను చేసి అడిగినవాడు ఒక్కడు. పెళ్ళికొడుకు తండ్రి. తన ఫోను భార్య చేతిలో ఉందని పాపం బస్సు డ్రైవర్ ఫోను తీసుకుని నా నంబర్ కొట్టాడు. నాకది ఎరుకలేని నంబర్.

"హలో అండి, ఎవరండీ మాట్లాడేది?"

"ఫోన్ జేసింది నువ్వు. నువ్వెవరో చెప్పు ముందు."

"నేనండీ, పెళ్ళికొడుకు నాన్నని. అసలు ఏం జరిగిందండీ? పెద్దాయన... ఉన్నారాండి?"

"ఉన్నడో లేడో నీకెందుకు చెప్పాలె?"

"అయ్యో, అలాక్కాదండీ. మేం చుట్టాలమండి."

(చుట్టాన్ని అంటడు. బుజ్జి చెప్పినట్టే వచ్చాడు!) "గట్లనే అంటరు. మీ అసొంటోళ్ళను మస్తుగ చూసిన. పోలీసులకు పట్టిస్త బిడ్డా, పెట్టేయ్ ఫోను!"

నేనే పెట్టేశాను. కమాను వాడి ముందు రొమ్ము విరుచుకుని "చూసినవా, గిట్లుండాలె మనిషి" అని కూడా అన్నాను. ఆ మంచి మనిషి బస్సులో వాళ్ళకు ఏం చెప్పాడో తరువాత తెలిసింది. "ఎవరో ఎత్తారు. పాపం దుఃఖంలో ఉన్నారు, ఏం మాట్లాడుతున్నారో తెలియట్లేదు." దాంతో నా చావు ఖాయమైపోయింది. బస్సు గచ్చిబౌలి ఫ్లైఓవర్ దిగి పక్కకు ఆగింది.

కాసేపటికి బుజ్జి హాలు వెనక ముస్తాబు గదిలోంచి పట్టుచీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. కాటుక చెంపల మీదికి కారి ఉంది. నన్ను చూసి నిలబడిపోయింది.

"పెద్దనాయినా... నువ్వు పోయినవంట!"

"అవు, పోయిన. పోయి ఈడికే వచ్చిన. ఏమైంది బిడ్డా?"

"సచ్చిపోయినవంట!"

పిల్లవాడు దానికి ఫోన్ చేసి చెప్పాడట. ఏడుస్తూ ముక్కలు ముక్కలుగా చెప్పింది. మైల అంటున్నారు, బస్సు వెనక్కి తిప్పమంటున్నారు. మేనమామకు కావలసిన వంక దొరికింది. శుభమా అని బయలుదేరితే చావు కబురు వచ్చిన సంబంధం మనకు వద్దేవద్దు అని పట్టుబట్టాడట. నేను బతికే ఉన్నానని చెప్పమంటే అప్పుడే పిల్లవాడికి ఫోన్ కొట్టి చెప్పింది, అవతలి మాట విని పెట్టేసి, "వాళ్ళ మామ ఆయన్నే నమ్ముతలేడు పెద్దనాయినా. పిల్ల ఏడుస్కుంట ఏదో ఒకటి చెప్తది అంటున్నడంట. ఇయాల తిరిగిపోతే ఇగ రారు. నాకు తెలుసు, ఇగ రానే రారు," అని నా భుజం మీద తల పెట్టింది. తమ్ముడు పోయిన రోజు పెట్టింది అలా, మళ్ళీ ఇప్పుడు.

నేను గ్రూపు తెరిచాను. మబ్బుల్లో నేను. కింద పెద్ద అక్షరాలతో 'శ్రద్దాంజలి'. ఆ క్షణంలో ఒక పెద్దమనిషి రాయవలసింది ఏమిటి? అమ్మా, అయ్యా, నేను క్షేమంగా ఉన్నాను, దయచేసి రండి అని. కానీ నా కళ్ళు ఆ ద మీద పడ్డాయి. చచ్చినవాడికి కూడా ఒక సరైన ఒత్తు ఇవ్వరా అని రక్తం మసిలిపోయింది. వేలితో ఒక్కొక్క అక్షరం ఏరుకుని రాశాను: "శ్రద్దాంజలి కాదు. శ్రద్ధాంజలి. ద కింద ధ ఒత్తు. చూసి రాయండి."

పాలమూరు చుట్టాలు వెంటనే నమ్మారు. ఇది రాయగల మనిషి లోకంలో ఒక్కడే అని మా మేనత్త కొడుకు పెట్టాడు కూడా. మగపెళ్ళివారి మేనమామ మాత్రం ఒప్పుకోలేదు. "ఎవరో ఆయన ఫోను పట్టుకుని ఆడుకుంటున్నారు. జాగ్రత్త," అని రాశాడు. సరే, మొహమే చూపిద్దామని బుజ్జి వీడియో కలిపింది. అవతల పిల్లవాడి చేతిలోంచి మేనమామ ఫోను లాక్కున్నాడు. రోజూ ఫోనులో ఏవేవో చదివి సగం పండితుడైన మనిషి ఆయన.

"ఈ మధ్య మొహాలు కూడా తయారు చేస్తున్నారండి. ఏదీ, కళ్ళు ఆర్పండి చూద్దాం."

ఆర్పాను. బుజ్జి కోసం ఆర్పాను, లేకపోతే నా నోటి వెంట ఏం వచ్చేదో ఆ దేవుడికే ఎరుక.

"రెండూ ఎవరైనా ఆర్పుతారు. ఎడమ కన్ను ఒక్కటే ఆర్పండి."

నేను మొహమంతా కూడదీసుకుని ఎడమ కన్ను ఒక్కటే మూసిన సరిగ్గా ఆ క్షణానికి, ఏమిటీ గొడవ అని పెళ్ళికొడుకు తల్లి ఫోనులోకి తొంగిచూసింది. నా వయసేమిటి, నేను కాబోయే వియ్యపురాలికి కన్ను కొట్టడమేమిటి! ఆమె గబుక్కున పక్కకు తప్పుకుంది. ఫోను కట్టయింది.

"ఇగ ఫోన్లు చాలు," అన్నాను. అప్పుడే చిన్నోడు మిఠాయి డబ్బాలతో దిగి, "అందరు నన్ను గిట్ల చూస్తరేంది?" అంటున్నాడు. వాడికి జవాబు చెప్పే టైము లేదు. డబ్బాలు దింపించి, అదే కారులో కూర్చుని, "గచ్చిబౌలికి పోనీయ్," అన్నాను. దారంతా వాడు సంగతి విని "నేనేం తప్పు చెప్పిన పెద్దనాయినా? నువ్వు పోయినవు, పోయినవని చెప్పిన" అంటూనే ఉన్నాడు. "నువ్వు తప్పు చెప్పలే. ఎవలతోటి చెప్తున్నవో ఆలోచన చెయ్యలే," అన్నాను. ఆ మాట నాకూ వర్తిస్తుందని అప్పటికి నాకు తట్టలేదు. నా మనసంతా బస్సులో వాళ్ళకు ఏం గడ్డి పెట్టాలా అనే. అడగకుండా దండాలు పెట్టేవాళ్ళకు ఒకటి, ఫోటోకు దండ వేసినవాడికి ఒకటి, కన్ను కొట్టించిన ఆ మేనమామకు మూడు. మంచి మంచి మాటలు పేర్చుకుంటూ వచ్చాను.

బస్సు అక్కడే ఉంది. మెట్లెక్కి నడుమ నిలబడ్డాను. ఎవరో చిన్నపిల్ల కెవ్వుమంది. పెళ్ళికొడుకు నాయనమ్మ ముందు సీట్లోంచి చెయ్యి చాపి నా ముంజేయి పట్టుకుని గట్టిగా గిల్లింది. నేను "అబ్బా!" అన్నాను. "వెచ్చగానే ఉన్నాడర్రా," అంది ఆమె. "తప్పుడు చావు కబురు వచ్చినవాడికి ఆయుష్షు పెరుగుతుంది. మంచి శకునం ఇది, పద పద, బస్సు కదిలించండి." మేనమామ ఏదో అనబోయాడు. ఆమె "నువ్వూరుకోరా" అంది. అంతటివాడు ఊరుకున్నాడు.

ఇప్పుడు నా వంతు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాలని పెళ్ళికొడుకు తల్లి వైపు తిరిగాను. ఆమె ఏడ్చి ఉంది. ముక్కు ఎర్రగా ఉంది. ఒడిలో మల్లెపూల దండ. తల్లో పెట్టుకున్నది తీసి ఒళ్ళో పెట్టుకుంది. వెండి పళ్ళేలూ చీరలూ పండ్లూ మీద బట్ట కప్పి వెనక సీట్లోకి నెట్టేసి ఉన్నాయి. నేను చూస్తున్నది చూసి ఆమె సిగ్గుపడింది.

"మీరేమనుకోకండి అన్నయ్యగారూ. ఫోనులో ఆ మొహం కూడా ఎవరో తయారుచేసిందే, వెనక్కి వెళ్ళిపోదామన్నాడు మా తమ్ముడు. నేనే ఆపాను. ఆ పిల్లకి నాన్న లేడు, ఉన్న పెద్దదిక్కు కూడా పోయిందే, ఈ పూట అది ఎలా ఉందో అని నాకు మనసాగలేదు. శుభకార్యం తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు, ముందు వెళ్ళి పిల్ల దగ్గర కూర్చుందాం అంటున్నా. పూలు పెట్టుకుని వెళ్ళకూడదు కదా అని..."

నేను పేర్చుకొచ్చిన మాటలన్నీ ఎక్కడివక్కడే కూలిపోయాయి. యాస నచ్చని మనిషి, తిండి నచ్చని మనిషి, సంబంధం తప్పిద్దామని చూస్తున్నదని నేను నమ్మిన మనిషి. ఫోనులో కన్ను కొట్టిన ముసలోడు ఆమెకు ఎంత తెలుసో, ఆమె నాకు అంతే తెలుసు. "అమ్మా, పూలు పెట్టుకోండ్రి," అన్నాను. పక్కనున్న పిన్ని పిన్ను తీసి ఆ దండను ఆమె తల్లో పెట్టింది. పెళ్ళికొడుకు తండ్రి లేచి నిలబడి, కొంచెం భయపడుతూ, "బావగారూ, ఇందాక పోలీసులకు పట్టిస్తానన్నారే, అది..." అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. అంతమందిలో అడిగిన మనిషి ఆయనొక్కడే, కసిరింది ఆయన్నొక్కణ్ణే.

తాంబూలాలు మార్చుకున్నాం. ముహూర్తం కాస్త దాటింది, పంతులుగారు కాస్త గొణిగారు, కమాను మాత్రం నిటారుగా నిలబడింది. ఆ సాయంత్రం నుంచి దండ వేసిన ఫోటోను తీయించడానికి నేను పడ్డ పరేషాన్ చెప్పనలవి కాదు. వేసినవాడు తీసేశాడు, కానీ అప్పటికే అది నాకు తెలియని గ్రూపుల్లో, తెలియని చేతుల్లో తిరుగుతోంది. ఇప్పటికీ బోరబండకు వెళ్తే ఎవరో ఒకరు నన్ను చూసి ఉలిక్కిపడతారు. ఎరుకలేని నంబర్ వస్తే నేను ఇప్పటికీ పేరు చెప్పను. ఆ మాటలో బుజ్జిది తప్పేం లేదు. కాకపోతే తిట్టకుండా పెట్టేసి, వాళ్ళు ఎవరమని చెప్పారో ఆ మనిషి పాత నంబర్‌కు నేనే తిరిగి చేస్తాను. ఎవరైనా పోయారని కబురు చదివితే దండం పెట్టే ముందు ఆ ఇంటికి ఫోన్ కొట్టి "ఏడికి పోయిండు?" అని అడుగుతాను. చాలామంది దవాఖానకో, అంగడికో, కూతురింటికో పోయి ఉంటారు. నిజంగానే పోయినప్పుడు మాత్రం అవతలివాళ్ళు ఆఖరి రాత్రి సంగతంతా మొదటి నుంచి చెప్పుకొస్తారు. అప్పుడు ఆ బొమ్మ దండాల కన్నా నేను అడిగిన మాటే వాళ్ళకు ఆసరా అయిందేమో అనిపిస్తుంది.

మగపెళ్ళివారు వెళ్ళిన ఆ సాయంత్రం నేను హాలు బయట కుర్చీలో కూర్చుని ఉన్నాను. కోపం కోసం వెతుక్కుంటే దొరకలేదు, నాకు అది కొత్త. అప్పుడు ఫోను మోగింది. వియ్యపురాలు గ్రూపులో కాకుండా నాకు విడిగా రాసిన మొదటి కబురు: "అన్నయ్యగారూ, ఇంటికి చేరాం. అందరం బతికే ఉన్నాం." రోడ్డు మీద పోయేవాళ్ళు చూసేంత గట్టిగా నవ్వాను. ఆ రోజుల్లో ఏది చదివినా పదిమందికి పంపితే గానీ నా వేలికి నిద్ర పట్టేది కాదు, అంత పసివాణ్ణి. కానీ ఆ కబురును మాత్రం రెండుసార్లు, మూడుసార్లు చదువుకుని, ఎవరికీ పంపకుండా జేబులో పెట్టుకున్నాను.